కుంటిదాని గంట

బిచ్చయ్యకు ఆ డబ్బా మీద మొదటి నుంచీ అనుమానమే. నల్లటి అట్టపెట్టె, లోపల మెత్తటి గుడ్డ, ఆ గుడ్డలో రెండు పెద్ద డిప్పలున్న హెడ్‌ఫోన్లు. ఒక వస్తువును ఇంత ముద్దుగా పడుకోబెట్టారంటే అందులో ఏదో లోపం ఉండే ఉంటుందని ఆయన లెక్క. సంతలో కొమ్ములకు రంగు పూసిన పొట్టేలు కనబడితే, ముందు దాని నోరు తెరిచి పళ్లు చూసే మనిషి మరి!

కూతురు మల్లిక పనే అది. హైదరాబాద్‌లోని కంపెనీ ఒకటి హెడ్‌ఫోన్లు పంపుతుంది. ఆమె వికారాబాద్‌లో తన ఇంట్లోనే వాటిని వారం పాటు పెట్టుకుని, చెవులకు హాయిగా ఉన్నాయా లేదా, చప్పుడు ఎలా వినిపిస్తోంది అన్నది తెలుగులో రాసిస్తుంది. ఈసారి వచ్చినవి బాగా ఖరీదైనవి. డిప్పల వెనక భాగం పూర్తిగా మూసి ఉంటుంది, బయటి గోల లోపలికి రాదు.

"పెద్దోళ్ల చెవులకు ఎట్లుందో గూడ రాయమన్నరు నాయినా. జర పెట్టుకో."

"నా చెవులేమన్న కిరాయికున్నయా?" అన్నాడు బిచ్చయ్య.

"పాటలు కావులే. తమ్ముడు మన మంద దగ్గర గంటల చప్పుడు రికార్డు చేసి పంపిండు. నేనే అడిగిన."

ఆ మాటతో ముసలాయన సర్దుకుని కూర్చున్నాడు. కోట్‌పల్లి గుట్టల్లో బండ మీద జారి కాలు విరగ్గొట్టుకుని రెండు నెలలైంది. నలభై గొర్రెలను కొడుకు మల్లేశ్వర్‌కు అప్పజెప్పి, కాల్లో రాడ్డుతో కూతురింట్లో పడి ఉన్నాడు. లేచి నిలబడగానే మళ్లీ మంద వెనక నడవాలి, ఆయనకున్న ఆశ అదొక్కటే. మందలో ఐదింటికి మెడ గంటలున్నాయి. మల్లేశ్వర్ రోజూ ఒంటి గంటకు ఫోన్ చేసి, ముందు ఆ గంటలు వినిపించి, తర్వాతే మాట్లాడేవాడు. అవి విన్నాకే బిచ్చయ్యకు ముద్ద దిగేది.

ముద్ద దిగేది కానీ మనసులో ఒక ముల్లు మాత్రం ఉండిపోయేది. ఒంటి గంట ఎండలో గొర్రెలు నీడ చూసుకుని తలలు దించి నిలబడాలి. వీడి గొర్రెలేమిటి, పెళ్లి ఊరేగింపులో లాగా మోగుతూ తిరుగుతున్నాయి? అడిగితే "ఇయ్యాల మబ్బు పట్టింది నాయినా" అనేవాడు. రోజూ మబ్బేనా? వీడియోలో చూపించమంటే సిగ్నల్ లేదనేవాడు. గంటలను మోసే సిగ్నల్ గొర్రెల ముఖాలను మోయలేకపోతోందేమో పాపం!

బిచ్చయ్య తలకు చుట్టిన రుమాలు తీసి పక్కన పెట్టాడు. మల్లిక హెడ్‌ఫోన్లు తొడిగింది. దిండు మీద చెవి ఆనించినట్టు మెత్తగానే ఉన్నాయి కానీ చెవి పోగులు లోపలికి నొక్కుకున్నాయి. ఆమె డిప్పలను కాస్త పైకి జరిపి, పోగులున్నవాళ్లకు ఇబ్బంది అని కాగితం మీద రాసుకుంది. స్టేషన్ వైపు నుంచి వచ్చే రైలు కూత, వంటింట్లో కుక్కర్, నెత్తి మీద ఫ్యాన్, అన్నీ ఒక్కసారిగా సద్దుమణిగాయి. ఆ నిశ్శబ్దం బిచ్చయ్యకు నచ్చలేదు. ఇంత నిశ్శబ్దంలో మనిషిని ఏమైనా చేసేయొచ్చు అనుకున్నాడు.

గంటలు మొదలయ్యాయి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదూ ఆయనవే, అందులో సందేహం లేదు. ముఖం విప్పారింది. కాసేపటికే కనుబొమలు ముడిపడ్డాయి. సన్నగా మోగే ఆ చిన్న గంట కుంటిదాని మెడలోది. మూడు కాళ్ల మీద నాలుగోదాన్ని ఈడుస్తూ, ఆగి ఆగి నడిచే గొర్రె అది. దాని గంట ఇప్పుడు అన్నిటికంటే ముందు ఉరుకుతోంది.

"మల్లొకసారి పెట్టు బిడ్డా."

మల్లిక మళ్లీ పెట్టింది. ఈసారి ఆయన గంటలను వదిలేసి, గంటల మధ్య ఖాళీని విన్నాడు. గిట్టల చప్పుడు లేదు. గడ్డి తెంపే చప్పుడు లేదు. నలభై గొర్రెల్లో ఒక్కటైనా దగ్గలేదు, తుమ్మలేదు. కళ్లు మూసుకుని మూడోసారి విన్నాడు. దూరంగా, అన్నిటికీ అడుగున, గుయ్యిమని సన్నటి మోత.

"గిదేంది, గుయ్యిమంటున్నది?"

"నాకూ వినపడ్డది నాయినా. హెడ్‌ఫోన్లల్లనే ఏదో ఖరాబున్నదని రాసుకున్న."

"కొట్టెయ్యి దాన్ని. ఇందుల ఏం ఖరాబు లేదు. గది బండలు కోసే మిషన్. తాండూరుది." తాండూరు సంత దారిలో బండలు కోసే షెడ్ల పక్క నుంచి ముప్పై ఏళ్లు మందను తోలిన మనిషి ఆయన. ఆ మోతకు గొర్రెలు బెదిరి రోడ్డెక్కేవి. "గుట్టల మేసే మందకు తాండూరు మిషన్ యాడిది? ఫోన్ కలుపు వానికి."

మల్లిక ముఖం తెల్లబోయింది. ఆమెకూ ఏమీ తెలియదని ఆ ముఖమే చెప్పింది. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అలవాటు ప్రకారం ముందు గంటలే మోగాయి.

"గంటలు ఆపురా," అన్నాడు బిచ్చయ్య. "మిషన్ గూడ ఆపమను. గప్పుడు మాట్లాడుదం."

అవతల గంటలు ఆగాయి, మోత దూరమైంది. మల్లేశ్వర్ షెడ్డు బయటికి వచ్చి మాట్లాడాడు.

"నాతోని కాలే నాయినా. వారం తిరిగిన, నాలుగు తప్పిపోయినయి. రాత్రంత ఎతికినా దొరకలే. నువ్వింక గుట్టెక్కొద్దని డాక్టర్ నాకొక్కనికే చెప్పిండు. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే. సంతల అమ్మేసి, ఈడ బండల పాలిష్ పనిల చేరిన."

"అన్నీనా?"

"అన్నీ."

బిచ్చయ్యకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. తనకు ఇక గుట్ట లేదన్న మాట, పోయిన గొర్రెల కంటే లోతుగా గుచ్చుకుంది. మల్లిక ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మంద అమ్మినోనివి, గంటలెందుకు ఉంచుకున్నవురా?"

"నువ్వు రోజూ అడుగుతవు గద నాయినా. అన్నం గూడ తినవాయె."

అంటే ఇన్నాళ్లుగా తన కొడుకు మధ్యాహ్నం అన్నం మానుకుని, రాతిపొడి మధ్య నిలబడి, ఆ ఐదు మెడ గంటలనూ తాడుకు కట్టి ఊపుతున్నాడన్నమాట. ఆ తాడు, ఆ చెయ్యి బిచ్చయ్యకు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. దొంగ వెధవ, తిట్టడానికి కూడా లేకుండా చేశాడు.

"అయితారం గంటలు తీస్కొని రా," అన్నాడు. "గప్పటిదాక రోజూ కొట్టు. కుంటిదాన్ని మాత్రం ఉరికించకు. దానికి కాలు నొస్తది."