మోకాలి కింద ఖాళీ

మా అమ్మ ఈరమ్మకు ఒక జబ్బుంది. నాకు నొప్పి లేస్తే ఆమెకు బుర్ర పనిచేయదు. ఈ మాట ఆమె ముందే అంటాను, నవ్వేసి ఊరుకుంటుంది.

చిన్నప్పుడు ఎముకకు చీము పట్టి నా కుడి తొడ సరిగ్గా పెరగలేదు. కుంటుతూనే చదువుకున్నాను, కుంటుతూనే కోకాపేటలో ఆఫీసు ఉద్యోగంలో చేరాను. అక్కడ లిఫ్టు దగ్గర అందరూ నాకు జాలిగా దారి వదులుతుంటే ఒళ్లు మండేది. అందుకే ఆపరేషన్ చేయించుకున్నాను. తొడ ఎముకను కోసి, బయట ఇనుప కడ్డీ బిగించారు. రోజూ స్క్రూ కాస్త తిప్పితే ఎముక ముక్కలు రెండూ మెల్లగా ఎడమవుతాయి, ఆ మధ్యలో కొత్త ఎముక పెరుగుతుంది. తిప్పే పని మా నాన్న కిష్టయ్యది. అపార్ట్‌మెంటు గేటు దగ్గర డ్యూటీ చేసి వచ్చి, గుడికి పోయేవాడిలా కాళ్లూ చేతులూ కడుక్కుని మరీ తిప్పుతాడు.

ఎముక బుద్ధిగానే పెరిగింది. మొరాయించింది మోకాలే. ఎముక పెరిగినంత తొందరగా కండ సాగదు, మోకాలిని వంచి పట్టేస్తుంది. అందుకే మోకాలి కింద దిండు పెట్టొద్దని డాక్టరు ముందే చెప్పారు. మా అమ్మ దిండు పెట్టలేదు. పాత చీర మడతలేసి పెట్టింది!

పుప్పాలగూడలో మా గల్లీలో ఎవరు మంచాన పడ్డా అందరూ చూసిపోతారు. బ్రెడ్డూ యాపిళ్లూ పట్టుకొచ్చి, "అయ్యో అనూషా" అంటూ ఆ చీరను ఇంకాస్త ఎత్తుగా సర్ది వెళ్లేవారు. నేనూ కిక్కురుమనలేదు. మోకాలు వంచి ఉంచితే ఎంత హాయో!

వ్యాయామం చేయించే సంయుక్త మేడం భీమవరం మనిషి. ఇంటికొచ్చి, చీర లాగేసి చూసింది. మోకాలు మంచానికి ఆనలేదు. కింద గుప్పెడు ఖాళీ.

"ఏంటమ్మా ఇది? దిండు వద్దన్నారు కదండీ!"

"దిండు పెట్టలే మేడం, చీరనే," అంది అమ్మ.

మేడం నెత్తి కొట్టుకుంది. తర్వాత కూర్చుని నెమ్మదిగానే చెప్పింది. "వచ్చే వారం డాక్టరు గారు చూస్తారండి. అప్పటికి కాలు తిన్నగా చాపగలగాలి. లేదంటే స్క్రూ తిప్పడం ఆపేస్తారు. ఎంత పెరిగిందో అంతే ఇక." మోకాలిని పైనుంచి ఎలా నొక్కాలో అమ్మకు చూపించి వెళ్లింది.

అమ్మ చెయ్యి వేసింది. నేను "అమ్మా" అన్నాను. తీసేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నేను అరవకముందే తీసేసింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ జాలితోనే పొట్టి కాలుతోని మిగులుత! జర గట్టిగ నొక్కితే నీ సొమ్మేం పోతది?"

"నాతోని కాదే బిడ్డ. నువ్వు ఒర్రితే నా చేతులు పడిపోతున్నయి."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు నా మోకాలి వంకే చూసింది. గాజులు పైకి జరుపుకుని, అరచెయ్యి తెచ్చి మోకాలి కింద పెట్టింది.

"నేను నొక్క. నువ్వే నొక్కు. నా చెయ్యిని మంచానికి అదుము."

నొక్కాను. తొడలో నిప్పు పెట్టినట్టయింది. మోకాలు కొంచెం దిగి ఆమె వేళ్లకు తగిలింది. ఆఫీసుల్లో బాత్రూములు కడిగి కడిగి కీళ్లు వాచిన వేళ్లు. అమ్మ మొహం ముడుచుకుంది. నేను ఆగిపోయాను.

"ఏందే, ఆగినవ్?"

"నీకు నొస్తది."

"నొయ్యని! నీకు నొస్తదని నేను ఆగితేనే గిట్లయింది. ఇగ నువ్వు గూడ గదే పని జేస్తవా?"

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆమెను తిట్టింది దీనికే కదా! కళ్లు మూసుకుని, పళ్లు బిగించి నొక్కాను. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. "తిట్టు, తిట్టుకుంటనే నొక్కు," అంటూనే ఉంది అమ్మ. వణుకుతూ వణుకుతూ మోకాలు దిగింది.

"అనూషా."

ఆ గొంతు విని కళ్లు తెరిచాను. అమ్మ చెయ్యి లాక్కోబోయింది. రాలేదు.

"చెయ్యి వస్తలేదు బిడ్డ," అంది, ఏడుస్తూ నవ్వుతూ. "తియ్యకు. అట్లనే ఉంచు."