టాబియా లైనులో అమ్మవారి హుకుం

మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదంటారు. చెప్పకపోతే కథ నడవదు కనక చెప్పేస్తున్నాను: గంగయ్య. ఆరడుగుల మనిషి. చెరుకు కొట్టడంలో మా టాబియా లైనులో, అంటే మా కూలీల గదుల వరసలో, ఆయన తరవాతే ఎవరైనా. అలాంటివాడు ఆ సోమవారం పొద్దున కత్తి పట్టుకుని లేవబోయి గుమ్మంలోనే కూలబడ్డాడు. చెయ్యి వేస్తే ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

అది పెద్ద జ్వరాల ఏడు. యుద్ధం అయిపోయిందని తెల్లవాళ్ళు సంబరాలు చేసుకున్న నెలలోనే ఆ జ్వరం ఏదో ఓడ మీద సర్కారుండే సువా రేవులో దిగి, అక్కణ్ణుంచి మా దీవికీ వచ్చింది. మేము గిర్మిట్ కూలీలం. అయిదేళ్ళు పని చేస్తామని వేలిముద్ర వేసి ఓడెక్కినవాళ్ళం. జ్వరమొచ్చినా టాస్కు టాస్కే. ఆ రోజుకి కొలిచి ఇచ్చిన పని పూర్తి చెయ్యకపోతే కోర్టుకి ఈడుస్తారు.

అంతకు రెండు రోజుల ముందు నేనో సంగతి విన్నాను. పొద్దున్నే కులంబరు వరండా ఊడ్చే పని నాదే. కులంబరంటే పొలంలో మా చేత పని చేయించే తెల్లదొర. మా దొరకి పాతికేళ్ళుంటాయేమో. మనిషి చెడ్డవాడు కాదు గాని, వాళ్ళ పెద్దదొరంటే వణుకు. ఆ పొద్దున సువా నుంచి వచ్చిన కాగితమొకటి పట్టుకుని మా కూలీల మేస్త్రీ, సర్దారు వీరస్వామికి హిందీలో వివరిస్తున్నాడు. కూలీలను పెట్టుకున్న దొరలందరికీ వచ్చిందట. జ్వరమున్నవాణ్ణి పనికి పిలవొద్దట. మిగతావాళ్ళకి దూరంగా ఉంచాలట. తలుపులు తెరిచి గాలి రానివ్వాలట. ఒక్క మనిషే దగ్గరుండి చూసుకోవాలట, గుంపులు కూడకూడదట. పాలూ గంజీ ఇవ్వాలట.

సర్దారు నవ్వాడు. “ఈ మాట చెబితే రేపు లైనంతా జ్వరమే సాహెబ్. మిల్లుకి చెరుకు మీరూ నేనూ కొడదామా?”

దొర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను చీపురు ఆపలేదు. ఊడ్చేదానికి చెవులుండవని వాళ్ళ నమ్మకం.

ఇక సోమవారం సంగతి. కర్ర ఊపుకుంటూ సర్దారు మా గది ముందుకొచ్చాడు.

“ఏమే మునెమ్మా, మీ ఆయన కామ్‌కి రాలేదేం?”

“జ్వరం బాబూ. లేవలేకుండా ఉన్నాడు.”

“బుఖారా? ఇవాళ అందరికీ బుఖారే! సగం టాస్కు ఇస్తాలే, లేపు.” అంటూనే లోపలికి రాబోయాడు.

ఆ ఎండలో సగం టాస్కు చేస్తే మనిషి మిగలడని నాకు తెలుసు. పక్క ఎస్టేటులో అలా లేపి తీసుకెళ్ళిన ఇద్దరిని సాయంత్రానికి మోసుకొచ్చారు. ఈ దేశంలో నాకున్నది ఆయనొక్కడే. భయంతో ఏం మాట్లాడుతున్నానో కూడా తెలియకుండా నోటికొచ్చింది అనేశాను.

“ఆగు బాబూ, చెప్పులు విప్పు! లోపల అమ్మవారుంది.”

మా సర్దారు కూలీలను బాదేటప్పుడు దేవుణ్ణి తలుచుకునే రకం కాదు. కాని విజయనగరం పక్క పల్లెలో పుట్టినవాడు. అమ్మవారంటే అతనికి చచ్చేంత భయం. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

“మరి పొక్కులేవీ?”

“ఇంకా లోపలే ఉన్నాయి. రేపో ఎల్లుండో బయటికొస్తాయి. ముట్టుకుని చూస్తావా?”

చూడలేదు. గుమ్మానికి వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

అమ్మవారు వచ్చిన ఇంటికి వేపమండలు కట్టాలి. ఈ దేశంలో వేపచెట్టు నేనెక్కడా చూడలేదు. నిమ్మకొమ్మలు విరిచి కట్టాను. గడప మీద పసుపునీళ్ళు చల్లాను. తరవాత లోపల కూర్చుని బాగా ఏడ్చాను. తల్లీ, నీ పేరు అబద్ధానికి వాడుకున్నాను, కోపమొస్తే నా మీద చూపించు, ఆయన జోలికి పోకు అని మొక్కుకున్నాను.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నాది మరీ అతికింది. మూడోనాటి సాయంత్రం కిరసనాయిలు డబ్బా మీద డప్పు మోత వినిపించింది. బయటికొచ్చి చూస్తే లైను లైనంతా మా గది ముందుంది, అరవై మంది. అందరికంటే ముందు సర్దారు, మొహం నిండా పసుపు పూసుకుని, నెత్తిన కొబ్బరికాయల తట్ట పెట్టుకుని నిలబడ్డాడు.

“సముద్రం దాటి మన లైనుకి వచ్చిందంటే మాటలా! అమ్మవారికి కొలుపు చెయ్యాలి మునెమ్మా,” అన్నాడు. ఈసారి ‘ఏమే’ అనలేదు, గమనించాను.

అందరూ లోపలికొచ్చి మా ఆయన కాళ్ళకి మొక్కుతారట. మా గదిలో మంచం వేస్తే మనిషి పక్కకి తిరగడానికి చోటుండదు. పైగా డప్పు కొడుతున్న మునియ్య దగ్గుతున్నాడు. హిందీవాళ్ళ బసంతి కూడా ముక్కు చీదుకుంటూ వచ్చింది, ఎవరి దేవతైతేనేం మాతా మాతే అంటూ. వద్దంటే వినేట్టు లేరు. అబద్ధమని ఒప్పుకుంటే సర్దారు ఆ క్షణమే మా ఆయన్ని ఈడ్చుకుపోతాడు. ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి.

జుట్టు విప్పేశాను. గుమ్మానికున్న నిమ్మకొమ్మ లాగి, ఊగుతూ ఒక్క కేక పెట్టాను. డప్పు ఆగిపోయింది.

“ఒరే వీరస్వామీ!”

ఆ పిలుపులో ఎంత సుఖముందో మీకు చెప్పలేను.

“తల్లీ!” అంటూ మోకాళ్ళ మీద పడ్డాడు. కొబ్బరికాయలు దొర్లిపోయాయి.

“ఒళ్ళు కాలిపోతుంటే నా బిడ్డల్ని పనికి పిలుస్తావురా?”

“తప్పు తల్లీ! ఇక పిలవను!”

“ఈ గుంపేంట్రా? నేనేమన్నా తిరనాళ్ళకొచ్చానా? ఎవరి గదులకి వాళ్ళు పొండి. తలుపులన్నీ తియ్యండి, నాకు గాలాడాలి. జ్వరమొచ్చినవాడి దగ్గర ఒక్కరే ఉండాలి. రెండోవాడు ఆ గడప తొక్కాడా, నేను వాడింటికే వస్తా!”

జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు.

“నాకు ఆకలేస్తోంది. పాలేవిరా?”

“పాలెక్కడివి తల్లీ, ఆవులన్నీ దొరగారివి కదా,” అన్నాడు సర్దారు వణికిపోతూ.

“దొర ఆవు పాలు నాకు చేదా?”

సరిగ్గా అప్పుడే గోల విని దొర వచ్చాడు. సర్దారు లేచి నేనన్న ప్రతి ముక్కా హిందీలో అప్పజెప్పాడు, ఈసారి ఏమీ దాచకుండా. వింటూ వింటూ దొర మొహం ఎర్రబడింది. చెయ్యి కాగితం పెట్టుకున్న జేబు మీదికి పోయింది. నా వంక చూశాడు. రోజూ వరండా ఊడ్చే మనిషినని గుర్తుపట్టాడని జుట్టు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. దొర ఒక్క మాటంటే నా అమ్మవారూ పోతుంది, మొగుడూ పోతాడు.

దొర ఏం ఆలోచించాడో నాకు తెలుసనుకుంటాను. కాగితం చూసి పని మాన్పించానంటే పెద్దదొర తిడతాడు. కూలీల దేవత కట్టడి చేసింది, కాదంటే తిరగబడతారంటే ఏం తిట్టగలడు? దొర టోపీ తీశాడు.

“మాతాజీకి ఎన్ని పాలు కావాలో అడుగు,” అన్నాడు సర్దారుతో.

“రోజూ రెండు బకెట్లు,” అన్నాను, సర్దారు అడిగేదాకా ఆగకుండా. పూనకంలో ఉన్నదానికి హిందీ ఎలా అర్థమైందని ఎవరూ అడగలేదు.

ఆ వారంలో ఇంకో పదకొండు మందికి జ్వరమొచ్చింది. సర్దారు అదే కర్ర పట్టుకుని లైనంతా కాపలా తిరిగాడు, కాకపోతే ఇప్పుడు పనికి పోయేవాళ్ళని కాదు, గదిలోంచి బయటికొచ్చేవాళ్ళని అదిలిస్తూ. పొక్కుల మాట మళ్ళీ ఎత్తలేదు. అయిదో రోజు పొద్దున మా ఆయనకి చెమట పట్టింది. కళ్ళు తెరిచి, “ఏమే, ఇంట్లో పచ్చడేమన్నా ఉందా?” అన్నాడు. సంతోషం పట్టలేక తిట్టిపోశాను. అమ్మవారు కారం తినదు, నోరు మూసుకుని గంజి తాగమన్నాను.

మా లైనులో ఒక్కరూ పోలేదు. పక్క ఎస్టేటులో చాలామందిని పూడ్చారు. నాతో ఒకే ఓడలో వచ్చిన పిల్ల, నన్ను అక్కా అని పిలిచేది, అదీ పోయింది. ఆ దొరకీ సువా నుంచి అలాంటి కాగితమే వచ్చిందట. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పదకొండో రోజున దొర మా గది ముందుకొచ్చి, గడపకి అంత దూరంలో ఆగాడు. సర్దారును వెంట తేలేదు.

“మునెమ్మా, జ్వరాలు తగ్గాయి కదా,” అన్నాడు హిందీలో, కొంచెం సిగ్గుపడుతూ. “మళ్ళీ పనికి ఎప్పుడు రావచ్చో మీ అమ్మవారిని అడిగి చెబుతావా?”

ఓడ దిగి నాలుగేళ్ళయింది. అన్నాళ్ళలో నాకు పని చెప్పినవాళ్ళున్నారు, అరిచినవాళ్ళున్నారు, కొట్టినవాళ్ళున్నారు. నన్ను అడిగినవాళ్ళు లేరు. అమ్మవారితో మాట్లాడుతున్నట్టు కళ్ళు మూసుకున్నాను. లోపల మా ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకో రెండు రోజులుంటే పట్టుకోకుండా నడుస్తాడు.

“మూడు రోజులు ఆగమంది దొరా,” అన్నాను.

సరేనని తలూపి వెళ్ళిపోయాడు. రెండు రోజులు మా ఆయన కాళ్ళకి. మూడోది నేను అడిగి పుచ్చుకున్నది. ఆ రోజు బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నాను.