వెంకటశేషమ్మ గారికి గాలి

నా పేరు కౌసర్, నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇందుకూరుపేట దగ్గర మూడు రొయ్యల గుంటలున్న పద్మనాభయ్య గారికి మాత్రం తెలియదు. తెలిసి ఉంటే గుంటల దగ్గర కాపలా ఉండే చెంచురామయ్య తాతకు కంప్యూటర్ నేర్పే పని నాకు అప్పగించేవారు కాదు.

ఏరియేటర్లు తిరిగితేనే గుంటలో గాలి కలుస్తుంది, రొయ్య బతుకుతుంది. వాటిని షెడ్డులోని పాత కంప్యూటర్ నుంచి నడిపేందుకు నేనొక స్క్రిప్ట్ రాశాను. బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు, నల్ల తెర మీద ఒక వరుస కొట్టడమే. కమాండ్ పేరు 'రొయ్య'. దాని కింద సబ్‌కమాండ్లు మూడు: 'గాలి', 'ఆపు', 'మేత'. ఆ పక్కన గుంట పేరు. తెలుగు మాటలే, ఫోన్లో మెసేజీ కొట్టినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది. తాతకు ఆ ట్యాబ్ తెగ నచ్చింది.

"నోట్లో మాట నోట్లో ఉండంగానే అందుకుంటాది, మా ఇంటిదాని మాదిరే" అన్నాడు.

పద్మనాభయ్య గారింట్లో గుంటలకు మనుషుల పేర్లు పెడతారు. చిన్నవి రెండూ మనవరాళ్ళవి, అనూష, సుప్రియ. మూడెకరాల పెద్దగుంట ఆయన తల్లి, కాలం చేసిన వెంకటశేషమ్మ గారిది. నెల రోజులు చిన్నగుంటలతో తాత చకచకా పని చేశాడు. ఆ ధైర్యంతో పెద్దగుంటను కూడా కంప్యూటర్‌కు కలిపి, తగుదునమ్మా అని, చేత్తో మోటార్లు వేసే పాత స్టార్టర్ పెట్టెను నేనే ఊడదీయించాను.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఆకు కదలడం లేదు. నేను నెల్లూరులో వైరు కొంటుంటే ఫోన్ వచ్చింది.

"పాపా, పెద్దగుంటలో రొయ్య తేలతా ఉంది. గాలి పెడదామంటే ఈ మిషను అట్టాంటి గుంట లేదంటంది."

వెనకాల పద్మనాభయ్య గారి గొంతు: "మూడెకరాల గుంట కళ్ళ ముందర ఉంటే లేదంటదేందిరా?"

ఊపిరాడక తేలిన రొయ్య ఎక్కువసేపు ఆగదు. మూడు నెలల పెంపకం, ఇంకో వారంలో పట్టుబడి, అమ్మకం. స్టార్టర్ పెట్టె చూస్తే లేదు. నాకు చచ్చేంత భయం వేసింది.

"తాతా, చిన్నగుంటలు తిరుగుతున్నాయా?"

"ఝామ్మని తిరగతా ఉండాయి."

"మరి దీనికి ట్యాబ్ కొట్టావా?"

"కొట్టినా. పేరు పూర్తిగా వచ్చింది. ఎంటరూ కొట్టినా. లేదంటంది."

మూడుసార్లు ఇదే పురాణం. షాపులోనే గట్టిగా అరిచాను. "తెర మీద ఏముందో పొల్లుపోకుండా చదువు!"

"రొయ్య గాలి వెంకటశేషమ్మ గారు."

"గారు ఎక్కడిది?"

"నేనే కొట్టినా. నీ మిషనుకు మర్యాద తెలవదు, పేరు వరకే రాసి ఊరుకుంటాది."

నెత్తి కొట్టుకున్నాను. "ఆ గారు తీసెయ్ తాతా!"

"ఇరవై ఏండ్లు ఆయమ్మ చేతి కూడు తిన్నా. ఉత్త పేరు పెట్టి పిలవమంటావా? నాకు చెయ్యి రాదు."

"అయితే అయ్యగారిని కొట్టమను."

"కన్నతల్లిని పేరు పెట్టి పిలిచేదెట్టమ్మా?" అన్నారు పక్కనే వింటున్న పద్మనాభయ్య గారు. "నువ్వే కొట్టరా చెంచురామయ్యా."

"మీ అమ్మ, మీరే కొట్టండయ్యా."

గుంటలో రొయ్యలు నోళ్ళు తెరుస్తుంటే గట్టు మీద వీళ్ళ మర్యాదలు. ఇద్దరినీ గుంటలోకి తోసేయాలనిపించింది. కానీ తిడితే వినే రకాలు కారు. అప్పుడు గుర్తొచ్చింది. వరుసలో # గుర్తు పెట్టి ఆ తర్వాత ఏం రాసుకున్నా మిషను పట్టించుకోదు.

"తాతా, గారు ఉంచు. దానికి ముందర ఖాళీ వదిలి, షిఫ్ట్ పట్టుకొని మూడు అంకె నొక్కు. అడ్డగీతలూ నిలువుగీతలూ ఉన్న గుర్తు పడుతుంది."

"గారు ఉంటాదా?"

"ఉంటుంది. నీకు కనిపిస్తుంది, మిషనుకు వినిపించదు."

"దానికి వినపడకపోతే మాన్లే. ఆయమ్మకు వినపడితే చాలు" అన్నాడు తాత.

ఫోన్లో టకటక వినిపించింది. కాసేపటికి ఏరియేటర్లు నీళ్ళను చిలికే చప్పుడు. నేను వైరు చుట్ట మీద కూలబడి ఏడ్చాను. షాపాయన కంగారుపడి సోడా తెప్పించాడు.

మర్నాడు వెళ్ళేసరికి రొయ్య అడుగున మేత తింటోంది. పది పన్నెండు పోయాయంతే. ముందు స్టార్టర్ పెట్టె తిరిగి బిగించాను. తర్వాత ట్యాబ్ కొడితే పెద్దావిడ పేరు వెంట గారు తనే వచ్చేలా స్క్రిప్ట్ దిద్దాను. ఆ పనిలో అంతకుముందు కొట్టిన కమాండ్ల జాబితా తెరిస్తే, కొత్త విద్య తాతకు అప్పుడే అలవాటైపోయిందని తెలిసింది.

రొయ్య మేత అనూష # తిను తల్లీ
రొయ్య ఆపు సుప్రియ # చాల్లేమ్మా
రొయ్య గాలి వెంకటశేషమ్మ # గారు, తప్పుగా అనుకోవద్దు

వాటి కింద, కమాండేమీ లేకుండా గుర్తుతోనే మొదలైన వరుస ఒకటి.

# కౌసర్ పాప అరుస్తాది గానీ మంచి బిడ్డ

ఆ రోజు తాత ట్యాబ్ బదులు ఇంకేదో నొక్కి మూడుసార్లు నన్ను పిలిచాడు. మూడుసార్లూ నెమ్మదిగా చెప్పాను. నాలుగోసారి అరిచాను.