సిపాయికి వారం గడువు

మా మామయ్య పాండురంగంగారు కుక్కపిల్లను గోనె సంచిలో తెచ్చారు. సంచి మూతి కట్టేసి, భుజాన వేసుకుని, సరూర్‌నగర్ చెరువు అవతల కొమరయ్య బర్రెల కొట్టం నుంచి మా ఇంటిదాకా నడిచి వచ్చారు. దారి కనబడితే తిరిగి తల్లి దగ్గరకు పోతుందట. రెండు నెలల పిల్ల, మెట్టు దిగడమే రాదు, ఎక్కడికి పోతుందని అడగబోయి ఊరుకున్నాను. ఈ ఇంట్లో అడగబోయి ఊరుకోవడం నాకు బాగా అలవాటు.

నా పేరు రోహిణి. మాది తెనాలి. పెళ్లయి ఇక్కడికి వచ్చి ఆరేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. నాకు కుక్కలంటే ప్రేమా లేదు, పగా లేదు.

రెండేళ్ల కిందట మామయ్య గుండెకు స్టెంట్ వేశారు. రోజూ గంటసేపు నడవమని దవాఖానలో చెప్పారు. ఆయన గేటు దాకా వెళ్లి, మోకాలు పట్టుకుని వెనక్కి వచ్చేవారు. మాటలూ అంతే, రోజుకు పది దాటేవి కావు. అలాంటి మనిషి వాకిట్లో సంచి విప్పి, తూలుతూ బయటికొచ్చిన గోధుమరంగు పిల్లను చూసి "వీని పేరు సిపాయి" అన్నారు. వాళ్లకు పొలాలున్న రోజుల్లో బావి దగ్గర కాపలా కుక్క పేరూ అదేనట. ఆ పొలాల్లో ఇప్పుడు మూడు కాలనీలున్నాయి.

మా అత్తయ్య ఆండాలుగారు సంచిని చూశారు, సిపాయిని చూశారు, చివరికి ఆయన్ని చూశారు.

"ఎవల్నడిగి తెచ్చినవ్?"

"ఎవల్నడగాలె?"

"మంచిది. ఆదివారం దాక టైమిస్తున్న. గడప లోపల ఒక్క సుక్క పడొద్దు. నేర్వకుంటె నవీన్ ఎంబటి బాటసింగారం పోతది."

నవీన్ మా ఆయన. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం. రోజూ ఎల్బీ నగర్ చౌరస్తా ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వెళ్లి, తిట్టుకుంటూ వస్తాడు. "మార్కెట్ల కుక్కల్ని ఎవలు సాకరు నాయినా, ఉన్నన్ని దినాలు ఉంటయ్. పొద్దంత లారీలు ఎనకకు ఒస్తుంటయ్ గద" అని పప్పు కలుపుకుంటూ చెప్పాడు. మామయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

శిక్షణ సోమవారం మొదలైంది. మామయ్య పద్ధతి చాలా తేలిక. గేటు పక్కన, వాకిట్లో ఎడమ మూల, ఒక చోటు చూపించాలి. "ఒక్కసారి ఆడ పోస్తె సాలు. రెండోసారి దాని వాసన అదే ఎతుక్కుంటది" అన్నారు. వినడానికి బాగానే ఉంది. సాయంత్రం సిపాయి ఆ మూలకే వెళ్లి పని కానిచ్చింది. మంగళవారం పొద్దున ఆరింటికి మామయ్య దాన్ని అదే మూలకు తీసుకెళితే, అక్కడంతా వాసన చూసి, గుండ్రంగా తిరిగి, ఆయన మొహం చూసి, లోపలికి పరుగెత్తి హాల్లో టీవీ కింద పోసింది.

అత్తయ్య వేలు ఒకటి మడిచి చూపించారు.

హాల్లో పేపర్లు పరుద్దామని నేనన్నాను. మామయ్య కత్తెర తీసుకుని కూర్చున్నారు. పేపర్లో ఎక్కడ దేవుడి బొమ్మ ఉన్నా కత్తిరించి పక్కన పెట్టాకే నేల మీద వేయాలి. భక్తి పేజీ వచ్చిన రోజు పరచడానికి అంచులు తప్ప ఏమీ మిగల్లేదు. బుధవారం సిపాయి ఆ కంతల మధ్య నుంచి నడిచి వెళ్లి సరిగ్గా దేవుడి గది ముందు కూర్చుంది. ఆ రోజు అత్తయ్య కడిగిన కడుగుడుకు ఇల్లంతా ఫినాయిల్ వాసన, ఎవరికీ అన్నం సహించలేదు. మామయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రాలు బుద్ధిగా మూలకే వెళ్లే పిల్ల, పొద్దున మాత్రం లోపలికే పరుగెత్తేది.

ఈ గొడవలో ఒక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆయన నడుస్తున్నారు. పొద్దున, సాయంత్రం సిపాయిని పట్టుకుని చెరువు గట్టు దాకా వెళ్లి వస్తున్నారు. మోకాలి ఊసే లేదు. దారిపొడుగునా దానితో మాట్లాడుతున్నారు కూడా, ఏ బావి ఎక్కడుండేదో, ఏ గట్టు మీద ఏ చెట్టుండేదో. అదేమో చెప్పులు కొరుకుతూ వింటుంది. శుక్రవారం నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "నీ ఫోన్ల జర చూడు బిడ్డా, గిసొంటి మొద్దు కుక్కలకు ఏమన్న ఉపాయముంటదా" అని అడిగారు. ఆరేళ్లలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నాకు నిజంగా జాలేసింది.

శనివారం నాకు ఆరింటికే స్పెషల్ క్లాసు. అయిదు కాకముందే లేచి, బ్రష్ నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద అత్తయ్య వాకిలి ఊడుస్తున్నారు. తర్వాత బకెట్లో ఫినాయిల్ కలిపి కల్లాపి చల్లారు. ఎడమ మూల దగ్గర ముక్కు మూసుకుని మరో రెండు చెంబులు పోసి, చీపురుతో గట్టిగా రుద్ది, దాని మీదుగా పద్మం ముగ్గు వేశారు.

మా స్టూడెంట్లకు నేను రోజూ చెప్పే మాటే, ఇచ్చిన వివరాలు ముందు సరిగా చూడండని. సాయంత్రం పాసయ్యే కుక్క పొద్దున ఎందుకు ఫెయిలవుతుంది? మధ్యలో ఎవరో బోర్డు తుడిచేస్తున్నారు కాబట్టి. మొద్దు కుక్క కాదు, వారమంతా చూసి కూడా గమనించని నేనే మొద్దు.

తెలిసింది సరే, చెప్పేదెలా? ఆ వాకిలి అత్తయ్యది. కొత్త కోడలిగా నేను ఒక్కసారి అక్కడ ముగ్గు వేస్తే, నేను లోపలికి రాగానే చెరిపి మళ్లీ వేసుకున్నారు. క్లాసులో రెండు లెక్కలు తప్పు చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్య గోనె సంచి దులిపి గేటు మీద ఆరేస్తున్నారు. అప్పుడు ఇక ఆగలేకపోయాను.

వంటింట్లోకి వెళ్లి అంతా చెప్పాను. అత్తయ్య బియ్యం ఏరడం ఆపలేదు.

"అంటె తప్పు నా వాకిట్ల ఉన్నదంటవా?"

"తప్పని కాదండీ అత్తయ్యా. ఆ ఒక్క మూల కడగకుండా వదిలేస్తే దానికి చోటు తెలుస్తుంది."

"కుక్క పోసిన జాగ పక్కపొంటి ముగ్గేస్తరా ఎవలన్న? ఏస్తె వాకిలంత సాన్పి సల్లి ఏస్త, లేకుంటె లేదు. ముగ్గు లేని వాకిలి ఎప్పుడుంటదో ఎరుకేనా నీకు? ఇంట్ల మనిషి పోయినప్పుడు. మా అత్త పోయినప్పుడు పదకొండు దినాలు ఏయలే. మళ్ల ఏనాడు బంద్ పెట్టలే."

"పోనీ ఒక్క రోజు..."

"నువ్వు పో."

వచ్చేశాను.

ఆదివారం పొద్దున నవీన్ కారు తీస్తున్నాడు. సంచి బానెట్ మీద ఉంది. మామయ్య ఎవరి వైపూ చూడకుండా సిపాయిని ఎత్తుకుని గుమ్మం దిగి, అక్కడే నిలబడిపోయారు. వాకిలి పొడిగా ఉంది. నీళ్లు లేవు, ముగ్గు లేదు, రాత్రి రాలిన వేపాకు అలాగే ఉంది. అత్తయ్య మెట్టు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నారు.

మామయ్య పిల్లను కింద దించారు. అది రెండడుగులు వేసి, ముక్కు నేలకు ఆనించి, తిన్నగా ఎడమ మూలకు వెళ్లింది. ఒక్కసారి కూడా తిరగలేదు. అక్కడే కూర్చుని పోసింది. ఎంతోసేపు పోసింది.

"శభాష్ రా సిపాయి!" అని మామయ్య అరిచిన అరుపుకు నవీన్ కారు ఆపి దిగాడు. ఆయన కళ్ల నీళ్లు తుడుచుకోవడం మరిచిపోయి, దాన్ని పట్టుకుని చెరువు వైపు దాదాపు పరుగెత్తారు. నవీన్ సంచి మడిచి డిక్కీలో పడేసి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఎదురింటి వెంకటేశ్వరరావుగారు వచ్చారు. ఆయనది మచిలీపట్నం వైపు. ముప్పయ్యేళ్లుగా పొద్దున్నే కాఫీ తాగుతూ మా ముగ్గు చూడటం ఆయనకు అలవాటు. గేటు బయటే చెప్పులు విడిచారు. పొడి వాకిలి చూశారు, మెట్టు మీద జుట్టు కూడా ముడవకుండా కూర్చున్న అత్తయ్యను చూశారు. లోపల మామయ్య ఎక్కడా కనబడలేదు. ఆయన చేతులు కట్టుకుని తల దించుకున్నారు.

"అమ్మా... ఎప్పుడు జరిగిందండీ? మాకు ఒక్క మాట చెప్పలేకపోయారా?"

నేను సిగ్గుతో లోపలికి పోబోయాను. అత్తయ్య మాత్రం లేచి, కొంగు దులుపుకుని, వీధిలో నలుగురికీ వినబడేలా చెప్పారు.

"మా ఇంట్ల ఎవలు పోలే, రావుగారూ. ఒకడొచ్చిండు."