నూనె జాలీ

నాలుగో నట్టు వదులయ్యేసరికి దాలమ్మ ఎడమ అరచేతిని ఇంజను అడుగు పలకకు ఆనించి, కుడిచేత్తో సత్తుపళ్ళెం దగ్గరికి లాక్కుంది. పలక కిందికి దిగింది. లోపల మిగిలిన నల్లటి నూనె సన్నని ధారగా పళ్ళెంలోకి జారింది. గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని, తల మోటారుసైకిలు కింద పెట్టి ఉందామె. నెరిసిన జుట్టు చుట్టూ పాత తువ్వాలు, మోచేతుల దాకా మసి. వయసు యాభై రెండు. ధార చుక్కలయ్యేదాకా ఆమె కదలలేదు. తొందరపడి నూనె వడకట్టే జాలీ లాగితే అందులో చిక్కుకున్నది నూనెతోపాటు కొట్టుకుపోతుంది.

"ఎంతొచ్చింది?" షెడ్డులోంచి ఆమె పెనిమిటి భీమారావు అడిగాడు.

"గిద్దెడుంటాది మావా. నీళ్ళలా పల్చబడిపోనాది."

"మరి ఇంజన్లో ఏటీ చప్పుడు నేదే. పొద్దున్న బాగా విన్నాను."

దాలమ్మ జాలీని రెండువేళ్ళతో పట్టుకుని మెల్లగా బయటికి తీసింది.

రాయపూర్‌లో గుఢియారీ రైల్వేగేటుకు ఈవల, బియ్యం మండీకి పోయే దారిలో ఉంది ఆ రేకుల షెడ్డు. భీమారావుది విజయనగరం వైపు. రైలుమార్గం పడుతున్న రోజుల్లో రాయపూర్ వచ్చి లోకోషెడ్డులో ఫిట్టరయ్యాడు. యుద్ధం ముగిసే వేళకు నీటికాసులు రెండు కళ్ళనూ తినేశాయి. ఉద్యోగం పోయింది. అప్పటిదాకా దాలమ్మ లోకోషెడ్డు బూడిదగుట్టల్లో సగం కాలిన బొగ్గు ఏరి అమ్మేది. ఆ ఏడే పట్టాళంవాళ్ళు వదిలించుకున్న ఇంగ్లీషు మోటారుసైకిళ్ళు ఊళ్ళోకి వచ్చిపడ్డాయి. వాటిని కొన్నవాళ్ళు చాలామంది, బాగుచేయగలవాళ్ళు తక్కువ. భీమారావు షెడ్డు తెరిచాడు. మొదటి ఏడాది తనకు చూపు లేదన్న సంగతి దాచాడు. అతను స్టూలు మీద కూర్చుని ఇంజను వినేవాడు, పేరు పెట్టేవాడు. దాలమ్మ విప్పేది, బిగించేది. చూసినవాళ్ళు ఆమె పానాలు అందిస్తోందనుకున్నారు. సంగతి బయటపడ్డాక కూడా మాట మారలేదు. ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో ఏ బండి నడిచినా 'భీమారావు మేస్త్రీ చేశాడు' అనే అన్నారు. దాలమ్మకు అది కొరతగా తోచలేదు. ఆమె నోటా అదే మాట వచ్చేది.

జాలీని ఎండలోకి తెచ్చి, తెల్లగుడ్డ మీద బోర్లించి తట్టింది. మసి రాలింది. అందులో నల్లని ఇసుకలాంటిదాన్ని వేలితో నలిపితే పొడయింది. అది బొగ్గుమసి, ఏ ఇంజన్లోనైనా ఉంటుంది. పసుపురంగు రజను లేదు. అంటే ఇత్తడి బుష్షు బాగానే ఉంది. ఆ మసి మధ్య ఆవగింజంతేసి ఆరేడు తెల్లటి పెచ్చులు మెరిశాయి. అంచులు పదునుగా ఉన్నాయి. పాత మాగ్నెటోలోంచి తీసి ఉంచుకున్న అయస్కాంతాన్ని వాటి మీదికి తెచ్చింది. పెచ్చులు ఎగిరి అంటుకున్నాయి.

ఉక్కు. అంత లోతునుంచి ఉక్కు ఊడి వచ్చేది ఒక్కచోటినుంచే.

"పిన్నీ, అయిందా?" బండి యజమాని సత్తిరాజు లోపలికి వచ్చాడు. టీకాల ఇన్‌స్పెక్టరు. ముప్పైలోపు వయసు. ఖాకీ టోపీ, భుజాన సంచి, చేతిలో ఐసుముక్కల మధ్య టీకామందు పెట్టిన డబ్బా. "ఆయిలు మారిస్తే చాలన్నాను కదా. జాలీ ఎందుకు విప్పావు? ఆరంగ్ అవతల మూడు ఊళ్ళలో అమ్మవారు పోసింది. ఎండ ముదిరితే ఈ మందు నీళ్ళతో సమానం. జల్దీ కానియ్యి."

"బండి ఎల్లదు బాబూ," అంది దాలమ్మ.

"అదేమిటి?"

"పెద్ద బేరింగు పెచ్చులూడతన్నాది. ఇదిగో, సూడండి."

సత్తిరాజు వంగి చూశాడు. నిమిషం తర్వాత నవ్వాడు. "ఈ నాలుగు నలుసులకా? నిన్న ధమ్తరీ పోయివచ్చాను, పూవులా నడిచింది. బాబాయ్, నువ్వు చెప్పు. పొద్దున విన్నావు కదా, ఎలా ఉంది?"

భీమారావు స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. తెల్లగా ఉతికిన బనీను, దువ్విన తల. "నాను విన్నంతవరకూ చప్పుడు నేదు. బేరింగు పోతే నాకు వినిపించాల."

"బస్, మేస్త్రీయే అన్నాడు. పిన్నీ, మూసెయ్యి."

దాలమ్మ పలక చేతిలోకి తీసుకోలేదు. పెనిమిటి చెవిని ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కాదనలేదు. కాదనే పని పడలేదు. కానీ ఆరునెలలుగా ఆమె కనిపెడుతూనే ఉంది: గేటు దగ్గర రైలు కూత వినబడ్డాక అతను తల తిప్పడానికి మునుపటికంటే కాస్త ఆలస్యమవుతోంది. ఆ మాట ఇంట్లోనే అనలేకపోయింది, పరాయి మనిషి ముందు ఎలా అంటుంది?

"మూసెయ్యవే," అన్నాడు భీమారావు.

"మూయను మావా."

భీమారావు ముఖం ఆమె గొంతు వైపు తిరిగింది.

"ఈ బేరింగు దారిలో పట్టేసిందనుకో, ఎనక చక్రం బిగుసుకుపోతాది. బాబు ఎగిరి రాళ్ళమీద పడతాడు. నాను సేసిన బండిమీద ఆ పని జరగనివ్వను." ఆమె గొంతు పెంచలేదు. వెళ్ళి అతని అరచేయి తెరిచి, అయస్కాంతం మీదినుంచి ఒక పెచ్చు తీసి అందులో పెట్టింది.

భీమారావు దాన్ని బొటనవేలితో అదిమాడు, అంచు గోరుతో తడిమాడు. చాలాసేపు పట్టింది. "ప్లగ్గు తియ్యి," అన్నాడు చివరికి. "ఓ సైకిలు ఊస ఇలా ఇయ్యి."

ఆమె ప్లగ్గు విప్పింది. అతను బండి పక్కన గొంతుక్కూర్చుని, కంతలోంచి ఊస దింపి పిస్టను మీద ఆనించాడు. దాలమ్మ గేరువేసి వెనక చక్రాన్ని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి కదిపింది. చక్రం కదిలింది, ఊస కదల్లేదు. ఇంకాస్త కదిపాక ఊస లేచింది. మధ్యలో బియ్యపుగింజంత ఖాళీ. బేరింగు వదులైందని వాళ్ళిద్దరికీ తెలియడానికి అది చాలు.

భీమారావు ఊస బయటికి తీసి, తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుని లేచాడు.

"సత్తిరాజుబాబూ, నా సెవి తప్పింది. ఆ మనిషి కన్ను తప్పలేదు. ఇకమీద ఈ షెడ్డులో బండి ఎల్లాలా వద్దా అని అడగాలంటే ఆవిణ్ణడగండి. నన్ను కాదు."

సత్తిరాజు డబ్బా చేయి మార్చుకున్నాడు. ముఖంలో కోపం, దిగులు రెండూ ఉన్నాయి. "ఆ ఊళ్ళవాళ్ళు నాకోసం కూర్చుని ఉంటారు, పిన్నీ."

"ఎల్దురుగాని, రండి." దాలమ్మ అప్పటికే తువ్వాలు విప్పి చేతులు తుడుచుకుంటోంది. దారి దాటి మండీలోకి నడిచింది. ఆరంగ్ వైపు ఖాళీ బస్తాలతో బయల్దేరుతున్న లారీ కనబడితే, డ్రైవరు పక్కన చేరి ఛత్తీస్‌గఢీలో గట్టిగా నాలుగు ముక్కలు మాట్లాడింది. నిరుడు అతని లారీ పంపు బాగుచేసింది ఆమే. పావుగంటలో సత్తిరాజు డ్రైవరు పక్కసీట్లో, తడిగోనె చుట్టిన టీకామందు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నంలోపు దాలమ్మ సిలిండరు ఎత్తేసింది. పిస్టను కడ్డీ పట్టి పైకీ కిందికీ లాగితే టకటక ఆడింది. బేరింగు రోలర్లను పట్టి ఉంచే గూడు ఒకచోట చీలింది. నాగపూరునుంచి కొత్తది తెప్పించాలి. ఆ సంగతి చెబితే భీమారావు తల ఊపాడు.

అన్నం తిన్నాక అడిగాడు. "దాలీ, నా సెవి ఎప్పటినుంచి తప్పతన్నాది?"

"వానలప్పటినుంచి."

"సెప్పలేదేం?"

"ఏటని సెప్పను మావా?"

అతను నవ్వాడు. పళ్ళు చాలా తక్కువ మిగిలిన నోరు. "నువ్వున్నావు. మరేటి భయం నాకు? అడుగు పలక ఇలా తే. పాత గ్యాస్కిట్టు సిరిగిపోయుంటాది, కొత్తది కొట్టేస్తాను. దానికి కళ్ళూ వద్దు, సెవులూ వద్దు."

ఆమె పలకను, నూనె కారకుండా పెట్టే గ్యాస్కిట్టు కోసం సబ్బుపెట్టె మందపు అట్టను అతని ఒళ్ళో పెట్టి, విప్పిన భాగాలు కడగడానికి షెడ్డు వెనక్కి వెళ్ళింది. కిరసనాయిలు తొట్టి దగ్గర కూర్చుంటే చిన్న సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది. అట్టను పలక అంచు వెంబడి కొట్టుకుంటూ పోతున్నాడు. కాసేపటికి దెబ్బలు విడివిడిగా, బరువుగా పడ్డాయి. నట్లు పట్టే కంతల మీద ఉక్కుగుండు పెట్టి కొడుతున్నాడన్నమాట. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత చప్పుడు ఆగింది. పని అయిందనుకుంది. పిస్టను రింగులు ఒక్కొక్కటే తీసి, తుడిచి, వరసగా పేర్చింది.

లోపలికి వచ్చేసరికి భీమారావు గుంజకు ఆనుకుని, తల ఒకవైపు వాల్చి ఉన్నాడు, దూరంగా ఏదో బండి వింటున్నట్టు. పలక మీద గ్యాస్కిట్టు సరిగ్గా అమరి ఉంది.

"మావా."

మెడ పక్క చేయి పెట్టి చూసింది. చేయి తియ్యకుండా అతని పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. మండీలో హమాలీలు బస్తాలు దించుతూ ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. కొంతసేపటికి లేచి, సబ్బూ నీళ్ళూ తెచ్చి అతని వేళ్ళకంటిన నూనె శుభ్రంగా కడిగింది, గోళ్ళ సందుల్లో కూడా. మసిచేతులతో నలుగురిలోకి వెళ్ళడం అతనికి ఎన్నడూ గిట్టదు. తువ్వాలుతో తుడిచి, చేతులు ఒళ్ళో పెట్టి, అప్పుడు రైల్వే క్వార్టర్లవాళ్ళను పిలవడానికి గేటువైపు నడిచింది. దారిలో ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నడిచింది.

ఖారున్ నది ఒడ్డున దహనం చేశారు. పెద్దకర్మ అయిన మూడోనాడు నాగపూరు పార్సిలు వచ్చింది. దాలమ్మ షెడ్డు తలుపు తీసింది. రెండురోజులు ఎవరి సాయమూ లేకుండా ఇంజను కూర్చింది. చివర అడుగు పలకకు భీమారావు కొట్టిన గ్యాస్కిట్టు పెట్టి, నాలుగు నట్లూ బిగించి, కొత్త నూనె పోసింది. ఒక్క చుక్క కారలేదు.

సత్తిరాజు వచ్చాడు. స్టూలు వైపు చూసి తల దించుకున్నాడు. "లారీలో వెళ్ళిన ఆ రోజు మూడు ఊళ్ళలో కలిపి నలభై మంది పిల్లలకు టీకాలు పడ్డాయి. బాబాయికి చెబుదామనుకున్నాను." బండి వైపు తిరిగి అడిగాడు. "ఇప్పుడు బండి వినేదెవరు పిన్నీ?"

"నానే. స్టార్టు సెయ్యండి."

ఇంజను అందుకుంది. ఆమె దాని పక్కన వంగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నది. తర్వాత చెయ్యెత్తి పొమ్మంది.

"వస్తాను మేస్త్రీ," అన్నాడు సత్తిరాజు. అలవాటు కొద్దీ అన్నది కాదు. ఆమెనే చూస్తూ అన్నాడు.

బండి గేటు దాటింది. చప్పుడు ఎక్కడా తడబడకుండా సాగి, మండీ గోలలో కలిసిపోయింది. దాలమ్మ పానాలు తుడిచి సంచిలో వేసి, బల్ల సర్దడానికి వెళ్ళింది. బల్ల చివర, గ్యాస్కిట్టు కొట్టి తీయగా మిగిలిన సబ్బుపెట్టె అట్ట పడి ఉంది: నడుమ పలకంత ఖాళీ, ఆ ఖాళీ చుట్టూ ఒకదాని పక్కన ఒకటిగా సుత్తి నొక్కులు.