మేస్త్రికి రాహుకాలం

మా అష్ఫాక్ భయ్యా బుర్ర పాదరసమని భవానీపురంలో అందరూ అంటారు. నేనూ కాదనను. ఆ బుర్రకి చెవులు లేవని మాత్రం నేనొక్కదాన్నే అంటాను, అదీ ఇంట్లో.

ఆయన తయారుచేసిన వస్తువు పేరు మేస్త్రి. గవర్నర్‌పేటలో తను పనిచేసే కంప్యూటర్ సెంటర్ కోసం మొదట దాన్ని రాశాడు. అక్కడ నాలుగు కంప్యూటర్లు, ఒకటే ప్రింటరు. నా పని ముందంటే నా పని ముందని రోజూ కుళాయి దగ్గర బిందెల తగువే. ఏ పని ముందు, ఏది తర్వాత, ఏ కంప్యూటరు ఖాళీగా ఉంది, ఒకటి మొరాయిస్తే దాని పని దేనికి అప్పగించాలి, ఇవన్నీ భయ్యా రాసిన ప్రోగ్రాం చూసుకునేది. తగువులు ఆగిపోయాయి. "కూలీలకి పనులు పంచే మేస్త్రిలా ఉంది భయ్యా" అన్నాను. ఆ పేరే నిలిచింది.

ముదినేపల్లి దాటాక కాలవ వారన చేపల చెరువులున్న రామకోటేశ్వరరావుగారు ఏదో పనిమీద సెంటర్‌కి వచ్చి దీన్ని చూశారు. "కంప్యూటర్లకి పని పంచేది మోటార్లకి పంచదాండీ?" అని అడిగారు. నీళ్లలో గాలి తగ్గితే చేపలు బతకవు. అందుకని ప్రతి చెరువులోనూ నీళ్లను చిలికే మోటార్లుంటాయి. అవి కాక కాలవ నీళ్లు తోడే పెద్ద మోటారు ఒకటి. కరెంటు పోతే దిక్కు ఒకే ఒక్క జనరేటరు, అది అన్నిటినీ ఒక్కసారి మొయ్యలేదు. ఎప్పుడు దేనికి ఇవ్వాలో తెలియక మనుషులు తికమకపడి గట్ల మీద పరిగెత్తేవారు.

భయ్యా ఒక పాత కంప్యూటర్ని రేకు పెట్టెలో బిగించాడు. దాని నుంచి మోటార్లకు వెళ్లే బోర్డులన్నిటికీ టంకం పెట్టింది నేను. పాలిటెక్నిక్ చదువు ఊరికే పోలేదు. ఆ పెట్టెను చెరువు గట్టు మీది షెడ్డులో పెట్టి, అక్కడి ఫోను తీగకు మోడెం తగిలించాం. మా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని భయ్యా ఫోను కలిపితే చాలు, మేస్త్రికి కొత్త ప్రోగ్రాం ఎక్కుతుంది. అంతసేపూ రెండు వైపులా ఫోను బిజీగా ఉంటుంది గానీ, గుడివాడ బస్సులో నలిగే పని తప్పింది. అప్పటికి సెల్‌ఫోన్లు ఉన్నవాళ్లకే ఉన్నాయి, ఉన్నా ఆ చెరువుల దగ్గర పలికేవి కావు.

మొదటిసారి మీట నొక్కిన రోజు నాకు బాగా గుర్తు. మేస్త్రి ఒక్కో మోటారునీ కాసేపు తిప్పి చూసి, ఇది ఫలానాది, ఇంత కరెంటు తాగుతుంది అని తనంతట తానే గుర్తు పెట్టుకుంది. ముందు చిన్నవి వరసగా, ఆఖరున పెద్దది. ఒక్కోదాని పేరు ఎదురుగా తెర మీద 'హాజరు' అని ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. కొత్త ప్రోగ్రాం ఎక్కిన ప్రతిసారీ ఈ తంతు జరగాల్సిందే. "బళ్లో పంతులుగారు పేర్లు పిలిచినట్టుందే" అని శౌరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. శౌరమ్మ, ఆమె భర్త ఆమోసు ఆ గట్టు మీదే గుడిసెలో ఉండి చెరువులు చూసుకునేవారు.

రామకోటేశ్వరరావుగారు అంతా చూసి సంతోషించి, ఒక షరతు పెట్టారు. "రాహుకాలంలో ఏ మోటారూ మొదలవకూడదండీ. మా పాత మోటారు అట్టాగే కాలిపోయింది."

"వర్జ్యం, దుర్ముహూర్తం కూడా చూడాలా?" అన్నాడు భయ్యా, నవ్వు ఆపుకుంటూ.

"చూస్తే ఇంకా మంచిది."

"అవి రోజుకో రకంగా మారతాయండీ. పంచాంగం అంతా దీనికి ఎక్కించడం నా వల్ల కాదు. రాహుకాలమైతే ఏ వారానికి ఆ వేళ ఖాయం. అది పెడతాను."

పెట్టాడు. పెద్ద మోటారు మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలయ్యేది కనక, రాహుకాలం పడేసరికి మేస్త్రి దాన్ని ఆపేసేది. చిన్నవాటిలో తిరిగేవి తిరిగేవి, కొత్తగా మాత్రం ఏదీ మొదలయ్యేది కాదు. ఇంటికొచ్చాక భయ్యా ఈ సంగతి అమ్మీకి చెప్పి ఒకటే నవ్వు. తను అంత అందంగా రాసుకున్న ప్రోగ్రాంలో ఆ నాలుగు వరసలూ పంటి కింద రాళ్లలా ఉన్నాయన్నాడు.

కొన్నాళ్లకి ఒక బోర్డు కాలిపోతే మార్చడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆమోసు కొడవలి పట్టుకుని పెద్ద మోటారు కింద ఉన్న సంపులోకి దిగుతున్నాడు. కాలవలో వచ్చే గుర్రపుడెక్క ఆ సంపు జాలీకి పట్టేస్తుంది. కొంత జాలీ దాటి లోపలికి పోయి మోటారు రెక్కలకి చుట్టుకుంటుంది. ఆమోసు జాలీ ఎత్తి లోపలికి దూరాడు. గట్టు మీద నిలబడిన నాకు మనిషి కనపడలేదు, కోసిన కాడలు మాత్రం బయటికొచ్చి పడుతున్నాయి. వంగి చూస్తే చెయ్యంత రెక్కల మధ్య అతని తల ఉంది.

"మోటారు తిరిగితే ఏం చేస్తావయ్యా?" అని అరిచాను.

"ఇప్పుడు తిరగదమ్మాయిగారూ. రాహుకాలం."

"మెళ్లో గుణదల మాత బిళ్ల వేసుకుని రాహుకాలం చూస్తావా నువ్వు?"

"మాకు రాహువూ లేడు, కేతువూ లేడు" అన్నాడు లోపలినుంచే, నవ్వుతూ. "మేస్త్రికి ఉన్నాడుగా. అది గుడ్లు మూసుకునే ఆ గంటన్నరే మా పని. నేనే కాదు, ఈ గట్టు మీద ఎవురు దిగినా అప్పుడే."

స్టార్టరు ఆపేసి దిగొచ్చు కదా అన్నాను. ఒకసారి ఆపాడట. చేత్తో ఆపితే ఏదో చెడిపోయిందనుకుని మేస్త్రి అన్ని పనులూ నిలిపేసింది. భయ్యా ఫోను కలిపి సర్దేదాకా ఒక్క మోటారూ కదల్లేదు. "ఆసామి నా మీద ఇంతెత్తున లేచాడు. ఇంక దాని మీద చెయ్యెయ్యం" అన్నాడు ఆమోసు. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్న నియమం భయ్యా పెట్టిందే. రెక్కలకి డెక్క అడ్డం పడి మోటారు ఆగితే మేస్త్రి వదిలిపెట్టదు, కాస్త ఆగి ఇంకొంచెం బలంగా మళ్లీ తిప్పుతుంది. రెండోసారికో మూడోసారికో కాడలు తెగిపోతాయి. "మొండిఘటం" అని భయ్యా దాన్ని చూసి మురిసిపోయేవాడు.

నేను చెప్పాను. ఆ సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే భయ్యాకి చెప్పాను. సంపు దగ్గర ఒక మీట పెడదాం, మనిషి దిగాడని మేస్త్రికి తెలియాలి అన్నాను. "నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం జుబీ" అన్నాడు. రామకోటేశ్వరరావుగారికీ ఫోన్లో చెప్పాను. "వాళ్లు నీళ్లల్లో పుట్టినోళ్లమ్మా, నువ్వు భయపడకు" అన్నారు. నేనే కూర్చుని ఆ మీటకి బోర్డు చేశాను. అది మా ఇంట్లో సొరుగులో పడి ఉంది. తగిలించాలంటే ప్రోగ్రాంలో చోటు కావాలి, ఆ చోటు భయ్యా ఇవ్వాలి. అడిగినప్పుడల్లా ఆయన చేతిలో ఇంకేదో ముఖ్యమైన పని ఉండేది. నాకు ఒళ్లు మండిపోయేది. యంత్రానికి రాహుకాలం ఉందని రాయడానికి తీరికైంది గానీ, లోపల మనిషి ఉన్నాడని రాయడానికి తీరిక కాలేదు.

శ్రావణంలో ఒక బుధవారం మబ్బు బాగా పట్టింది. పొద్దున పోయిన కరెంటు ఎంతకీ రాలేదు, జనరేటరులో డీజిలు అయిపోయి మోటార్లన్నీ ఆగాయి. తీరా కరెంటు వచ్చింది సరిగ్గా రాహుకాలంలో. మేస్త్రి కదల్లేదు. శీలావతులు, బొచ్చెలు నోళ్లు పైకెత్తి గాలి కోసం తేలాయి. రాహుకాలం వెళ్లి మోటార్లు లేచేసరికి ఒక చెరువు చెరువంతా తెల్లటి పొట్టలే.

శుక్రవారం పొద్దున్నే రామకోటేశ్వరరావుగారు ఫోన్ చేశారు. గొంతు బొంగురుపోయి ఉంది. "సిద్ధాంతిగారిని అడిగానండీ. ప్రాణం పోయే చోట రాహుకాలం చూడక్కర్లేదన్నారు. అది తీసేయండి." చేపల ప్రాణం గురించి అన్న మాట అది. అప్పటికి నేను ఇంట్లో లేను, బోర్డులకి కావలసిన సామాను కోసం గవర్నర్‌పేట వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. భయ్యా జుమ్మా నమాజుకి స్నానం చేసి, తల తుడుచుకుంటూ తెర ముందు నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"రాహువుని సాగనంపాను జుబీ" అన్నాడు. "అదీ వాడి రాహుకాలంలోనే. ప్రోగ్రాం ఎక్కింది, హాజరు తీసుకుంటోంది చూడు."

తెర మీద 'ఒకటో చెరువు: హాజరు' అని ఉంది. నేను చూస్తుండగానే రెండో చెరువు పడింది.

"ఆమోసుకి చెప్పావా?" అన్నాను.

"ఆమోసుకెందుకు?"

"ఇవాళ శుక్రవారం. ఇది రాహుకాలం. అతను సంపులో ఉంటాడు. ఎన్నిసార్లు చెప్పాను భయ్యా నీకు."

తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఈసారి విన్నాడు. వెంటనే అర్థమైంది కూడా, ఆ బుర్రకి ఏదైనా వెంటనే అర్థమవుతుంది.

"ఆపెయ్" అన్నాను.

"హాజరు మధ్యలో ఆపే ఏర్పాటు పెట్టలేదు" అన్నాడు. "అది అయ్యేదాకా మేస్త్రి ఇంకే మాటా వినదు."

"తీగ పీకేస్తే?"

"మన తెర ఆగుతుంది. అక్కడ దాని పని అది చేసుకుపోతుంది."

మూడో చెరువు: హాజరు. నేను మోడెం తీగ పీకి ఫోనుకి తగిలించి నంబరు తిప్పాను. బిజీ. మళ్లీ తిప్పాను. బిజీ. అవతలి మోడెం ఇంకా లైను పట్టుకునే ఉంది. "మనం పెట్టేశామని దానికి తెలియడానికి కాసేపు పడుతుంది" అన్నాడు భయ్యా. "ఆ లైను మాటిమాటికీ తెగుతుందని ఆ కాసేపు నేనే పెట్టాను." ఆయన చేసిన ప్రతి తెలివైన పనీ ఆ పూట మాకు అడ్డంగా వచ్చి కూర్చుంది. ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టే చెయ్యి ఖాళీగా లేక నంబరు తిప్పుతూ ఉన్నాను.

తెర మీద మూడో చెరువు దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఆగలేదని మాకిద్దరికీ తెలుసు. భయ్యా పెదవులు కదుపుతున్నాడు. దువా చదువుతున్నాడో, చెరువులు లెక్కపెడుతున్నాడో నేను అడగలేదు. లోపలి గదిలోంచి అమ్మీ అత్తరు సీసా ఎక్కడ పెట్టావని నన్ను పిలిచింది. నేను మళ్లీ నంబరు తిప్పాను.

చివరికి అవతల గంట మోగింది. చాలాసేపు మోగాక రామకోటేశ్వరరావుగారు ఎత్తారు.

"పెద్ద మోటారు స్టార్టరు ఆపేయండి" అని అరిచాను.

"వినపడట్లేదమ్మా, మోటార్లు ఒకటే హోరు." ఆయన గొంతులో పొద్దున్నటి బొంగురు లేదు. "రాహుకాలంలో మొదలెట్టారేంటా అని ముందు భయపడ్డా గానీ, అన్నీ బాగా తిరుగుతున్నాయి. పెద్దది ఒక్కటే ఏదో అడ్డం పడ్డట్టు మూలిగి ఆగింది. స్టార్టరు ఆపుదామని లేచా. మీ అన్నయ్య చెయ్యెయ్యొద్దన్నాడుగా, ఊరుకున్నా. మళ్లీ అదే తిప్పుకుంది. ఇప్పుడు నీళ్లు బ్రహ్మాండంగా పోస్తోంది."

"ఆమోసు ఎక్కడండీ?"

"ఆమోసా? ఇక్కడే ఉండాలే. సంపు గట్టు మీద చెప్పులున్నాయి." ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయారు. ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు, కుర్చీ పడ్డ చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత మోటారు హోరు ఒక్కటే. ఆ హోరులో దూరంగా ఎక్కడో శౌరమ్మ గొంతు. ఆమెకి ఇంకా ఏమీ తెలియదు.

"ఏమయ్యో, వండటం అయిపోయింది. కాళ్లు కడుక్కుని రా, అన్నం సల్లారిపోద్ది."

"ఏమంటున్నారు జుబీ?" అన్నాడు భయ్యా. ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది.

"నువ్వే విను" అని ఫోను ఆయన చెవికి ఆనించి గట్టిగా పట్టుకున్నాను. తల పక్కకి తిప్పుకోబోయాడు, తిప్పుకోనివ్వలేదు. అవతల శౌరమ్మ ఇంకా పిలుస్తూనే ఉంది.