గద్ద దిగే వేగం

నేను ఒక ఆటని. సి అనే కంప్యూటరు భాషలో రాసిన చిన్న ఆటని. బొమ్మల్లేవు, పాటల్లేవు. నల్ల తెర మీద సున్నా కోడిపిల్ల, చుక్క గుర్తు గద్ద. గద్ద దిగేలోగా పిల్లని పక్కకి తప్పించాలి. అంతే నా బతుకు.

నన్ను రాసింది కృపావతి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లాబ్ చూసుకునేది. తను మంచం పట్టాక, పక్కన కూర్చుని కుమిలిపోయే మొగుడు ఏసుపాదం కోసం రాసింది. తాపీ పట్టి మొద్దుబారిన వేళ్ళు అతనివి. వాటికి తగ్గట్టు గద్దని నిదానం చేసింది. ఎలాగంటే, గద్ద ఒక్కో మెట్టు దిగేముందు నాచేత ఉత్తినే అంకెలు లెక్కపెట్టించింది. లాబుల్లో అందరూ నేర్పే అడ్డదారి. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు మిషను నత్త కాబట్టి సాగింది.

ఆమె పోయింది. వెనకే మిషనూ పోయింది. మేనకోడలు షారోను నన్ను తన కొత్త లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. దాన్ని నడిపించేది లినక్స్ అనే వేరే వ్యవస్థ. సి లో రాస్తే ఎక్కడైనా నడుస్తుందని గొప్పలు చెబుతారు. నేను గడప కూడా దాటలేదు. కీ నొక్కగానే అందుకోవడం, తెర తుడవడం నాకు పాత మిషను పద్ధతిలోనే తెలుసు. షారోను ఆ రెంటినీ నాలోంచి కోసి వేరే ఫైళ్ళలో పెట్టింది, ఒక్కో రకం మిషనుకి ఒక్కోటి. కోత నాకు, మెప్పు ఆమెకి.

"నడుస్తోంది మావయ్యా, ఆడు."

ఏసుపాదం కీ మీద వేలు పెట్టేలోగా గద్ద పిల్లని తన్నుకుపోయింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ అంతే. కొత్త మిషను నా అంకెలన్నీ రెప్పపాటులో మింగేస్తోంది.

"ఇది మీ అత్త రాసింది కాదు. తీసేయ్."

"గద్ద జోలికి నేను పోలేదు మావయ్యా. అత్త రాసినట్టే ఉంది."

"మీ అత్త నన్నెప్పుడూ తొందరపెట్టలేదు."

షారోను లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "ఎంత నిదానమో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి," అంది.

"గద్ద మెట్టు దిగినప్పుడల్లా మీ అత్త పడుకునే 'ఊ' అనేది." అతను బల్ల మీద వేలితో తట్టాడు. "ఊ..." ఆగాడు. "ఊ... ఇంత ఎడం."

షారోను కృపావతి మంచం మీద కూర్చుని ఆ ఎడాన్ని ఫోన్లో కొలిచింది. నా అంకెలు పీకేసి గడియారం పెట్టింది. ఇక ఏ మిషనులో పెట్టినా గద్ద అదే నిదానంతో దిగుతుంది.

ఏసుపాదం ఆడాడు. పిల్లని తప్పించాడు. బాగుందనలేదు.

"ఆ మంచం మీంచి లే," అన్నాడు షారోనుతో.

ఆమె లేచింది. నేను గద్దని దించాను. అతను కీ వదిలేసి మంచం వైపు తల తిప్పి ఆగాడు. గద్ద పిల్లని తన్నుకుపోయింది.

కృపావతి నాలో అన్నీ రాసింది. ఆ 'ఊ' రాయలేదు. అందుకే నాకు ఆవిడంటే కోపం.